రేపటి సినిమాకి ఇవాళ్టి టికెట్టు: ఫ్రాంచైజీలు ఎవరికి, ఎందుకు?

1977 క్రిస్మస్ ముందు అమెరికాలోని బొమ్మల దుకాణాలలో ఒక విచిత్రమైన సరుకు అమ్మకానికి వచ్చింది. ఆ ఏడాది మే 25న విడుదలైన ‘స్టార్ వార్స్’ దేశాన్నంతా ఊపేస్తున్న రోజులవి. పిల్లలందరికీ ఆ సినిమాలోని పాత్రల బొమ్మలు కావాలి. కాని, వాటిని తయారుచేసే హక్కు పొందిన సిన్సినాటి నగరపు కెన్నర్ కంపెనీ దగ్గర బొమ్మలు లేవు. సినిమా ఇంతగా ఆడుతుందని ముందుగా ఎవరూ ఊహించలేదు. పండుగనాటికి బొమ్మలు పోతపోసి దుకాణాలకు చేర్చే వ్యవధి లేదు. అందుకని కంపెనీ ఒక అట్టపెట్టెను అమ్మింది. అందులో బొమ్మలు నిలబెట్టుకోవడానికి ఒక అట్ట వేదిక, కొన్ని స్టిక్కర్లు, ఒక క్లబ్బు సభ్యత్వపు కార్డు, వీటితోపాటు ఒక కూపన్ ఉన్నాయి. ఆ కూపన్‌ను టపాలో పంపితే కొత్త సంవత్సరంలో నాలుగు బొమ్మలు ఇంటికి వస్తాయి. లోకం దాన్ని ‘ఖాళీ డబ్బా’ అని ఎగతాళి చేసింది. అయినా తల్లిదండ్రులు కొన్నారు, పిల్లలు ఎదురుచూశారు.

సినిమా ఫ్రాంచైజీ అనే వ్యాపారపు మూలసూత్రమంతా ఆ అట్టపెట్టెలో ఉంది. ఇంకా తయారు కాని వస్తువును ఇవాళే అమ్మడం, కొనేవాడు దానికోసం సంతోషంగా ఎదురుచూడడం, ఈ రెండింటికీ మధ్య ఒక నమ్మకం నిలబడడం. ఆ నమ్మకం ఎలా పుడుతుంది, దాని మీద నిర్మాత ఏం కడతాడు, ప్రేక్షకుడు ఏం పొందుతాడు, అది ఎక్కడ చెదిరిపోతుంది అన్న ప్రశ్నలు ఇవాళ హాలీవుడ్‌కి ఎంత ముఖ్యమో, అమెరికాలో తెలుగు సినిమాలు చూసేవారికి, వాటిని కొని ప్రదర్శించేవారికి కూడా అంతే ముఖ్యం.

మాట, దాని అర్థం

ఫ్రాంచైజీ అన్న మాటకు మొదటి అర్థం రాజో, ప్రభుత్వమో ఇచ్చే ప్రత్యేకమైన హక్కు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో అది వ్యాపార పరిభాషగా మారింది. సబ్‌వే శాండ్‌విచ్ దుకాణమో, హైవే పక్కన మోటెలో నడిపే తెలుగువారికి ఈ అర్థం బాగా తెలుసు. పేరు, పద్ధతి, రుచి ఒకరివి. పెట్టుబడి, శ్రమ మరొకరివి. డల్లస్‌లో తిన్నా డెట్రాయిట్‌లో తిన్నా ఒకే రుచి ఉంటుందన్న భరోసాకే కొనేవాడు డబ్బు చెల్లిస్తాడు.

సినిమాకు ఈ మాటను అన్వయించేటప్పుడు మూడు విషయాలను విడదీసి చూడాలి. ఒక కథ ముగిశాక దాని తరువాయి చెప్పేది సీక్వెల్. ఒకే పాత్రతో, ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని కథలు వరుసగా చెప్పేది సీరీస్. ఈ రెండింటినీ కలుపుకొని, సినిమా అనే హద్దును దాటి బొమ్మలు, పుస్తకాలు, ఆటలు, టీవీ ధారావాహికలు, థీమ్ పార్కుల వరకు విస్తరించగలిగే ఆస్తి ఫ్రాంచైజీ. మొదటి రెండూ కథకు సంబంధించిన మాటలు. మూడవది యాజమాన్యానికి సంబంధించిన మాట. ఎవరి చేతిలో హక్కు ఉన్నది అన్న ప్రశ్న లేకుండా ఫ్రాంచైజీ లేదు.

లూకస్ అడిగిన రెండు హక్కులు

ఒకే పాత్రను పదేపదే తెరమీదకు తేవడం హాలీవుడ్‌కు 1970లలో కొత్తగా తెలిసిన విద్య కాదు. 1914లోనే ‘ది పెరిల్స్ ఆఫ్ పాలీన్’ వంటి సీరియళ్ళు వచ్చాయి. 1930లు, 40లలో ఎమ్.జి.ఎమ్. సంస్థ మికీ రూనీతో ఆండీ హార్డీ చిత్రాలను వరుసగా తీసింది. ‘ది థిన్ మాన్’ 1934 నుండి 1947 వరకు ఆరు చిత్రాలుగా సాగింది. అయితే ఆనాడు ఇవి స్టూడియోకు ప్రాణాధారాలు కావు. పెద్ద స్టూడియోలకు సొంత థియేటర్లు ఉండేవి, తారలు జీతగాళ్ళుగా ఉండేవారు, సొంతం కాని థియేటర్లకు సినిమాలను కట్టలుగా అంటగట్టే వీలుండేది. ఏది తీసినా ఆడించుకునే తెర ఉన్నప్పుడు, ఫలానా సినిమాకే జనం రావాలన్న ఆరాటం తక్కువ. 1948లో అమెరికా సుప్రీమ్ కోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ ఏర్పాటు కూలిపోయింది. స్టూడియోలు థియేటర్లను వదులుకున్నాయి. టెలివిజన్ ఇళ్ళలోకి వచ్చింది. అప్పటినుండి ప్రతి సినిమా తన ప్రేక్షకులను తానే వెతుక్కోవలసి వచ్చింది.

ఈ పరిస్థితికి దొరికిన సమాధానం విలువను స్టూడియోలకన్న ముందే గుర్తించినవాడు జార్జ్ లూకస్. 1973లో ‘అమెరికన్ గ్రాఫిటీ’ ఘనవిజయం సాధించాక, తరువాతి సినిమాకు ఎక్కువ పారితోషికం అడిగే స్థితిలో ఉండి కూడా అతను దాన్ని అడగలేదు. బదులుగా సీక్వెల్ హక్కులు, సరుకుల మీద హక్కులు తనకు ఉండాలన్నాడు. ఫాక్స్ సంస్థకు అవి కాగితం ఖరీదు చేయని హక్కులుగా కనిపించాయి, ఇచ్చేసింది. 1980లో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ చిత్రాన్ని లూకస్ స్వయంగా పెట్టుబడి సమకూర్చుకొని తీశాడు. 2012లో అతని సంస్థను డిస్నీ 405 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ధరలో అధికభాగం అప్పటికి తీసిన సినిమాలకు కాదు, ఇక మీదట తీయబోయే సినిమాలకు. మూడేళ్ళ తరువాత 2015 డిసెంబరులో వచ్చిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’ ఒక్క ఉత్తర అమెరికాలోనే 93 కోట్ల డాలర్లు దాటింది.

నిర్మాత లెక్క

సినిమా ఒక వింత సరుకు. కొనేముందు రుచి చూడడానికి వీలులేదు. చూశాక నచ్చకపోతే వాపసు ఇవ్వడానికీ వీలులేదు. తీసేవాడి పరిస్థితి ఇంకా కష్టం. ఖర్చంతా విడుదలకు ముందే పెట్టాలి, ఫలితం మొదటి మూడు రోజులలో తేలిపోతుంది. వంద రూపాయలు పెట్టి కట్టిన ఇల్లు అమ్ముడుపోకపోతే కనీసం ఇటుకలైనా మిగులుతాయి. ఆడని సినిమాలో మిగిలేది ఏమీ లేదు. ఈ అనిశ్చితిని పూర్తిగా తొలగించే మార్గం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. కొంత తగ్గించే మార్గాలలో ఫ్రాంచైజీ ఒకటి.

అది పనిచేసే తీరు నాలుగు విధాలు. మొదటిది పరిచయం. కొత్త కథను పరిచయం చేయడానికి ప్రకటనల మీద పెట్టే ఖర్చు, అమెరికాలో భారీ చిత్రాల విషయంలో నిర్మాణ వ్యయంతో పోటీపడే స్థాయికి చేరుతుంది. పేరు తెలిసిన సినిమాకు ‘ఇది ఏమిటి’ అని చెప్పనక్కరలేదు, ‘ఎప్పుడు’ అని చెబితే చాలు.

రెండవది, స్థలాల వ్యాపారంలో బయానా వంటిది. స్థలానికి బయానా ఇచ్చినవాడు ధర పెరిగితే రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు, పడిపోతే బయానా వదులుకుంటాడు. సీక్వెల్ హక్కు కూడా అటువంటిదే. మొదటి సినిమా ఆడితే రెండవది తీయవచ్చు. ఆడకపోతే తీయనవసరం లేదు. నష్టానికి హద్దు ఉంది, లాభానికి లేదు. అందుకే స్టూడియోలు కొత్త కథను ఎంచుకునేటప్పుడు ‘ఇది ఆడుతుందా’ అన్న ప్రశ్నతో ఆగడం లేదు. ‘ఆడితే దీనికి తరువాయి ఉందా’ అని కూడా అడుగుతున్నాయి.

మూడవది, పాత సినిమాల విలువ పెరగడం. రెండవ భాగం వస్తున్నదంటే మొదటి భాగాన్ని మళ్ళీ చూస్తారు. ఓటీటీ సంస్థకు ఒక్కొక్క సినిమాగా కన్న, వరుసగా చూడదగిన అయిదు సినిమాల కట్ట ఎక్కువ విలువైనది. అమెజాన్ 2022లో 845 కోట్ల డాలర్లతో ఎమ్.జి.ఎమ్.ను కొన్నప్పుడు అందరి దృష్టీ జేమ్స్ బాండ్ మీదనే ఉన్నది; 2025 ఫిబ్రవరిలో ఆ పాత్ర మీద సృజనాధికారం కూడా ఆ సంస్థ చేతికి వచ్చింది.

నాలుగవది, తెర బయటి ఆదాయం. 2010 జూన్‌లో ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కులో తెరిచిన హ్యారీ పాటర్ ప్రాంగణానికి ఇప్పటికీ జనం వెళుతున్నారు. ఆ నవలల మీద తీసిన ఎనిమిది సినిమాలలో చివరిది వచ్చింది 2011లో.

ఈ లెక్కలు ఎంత దూరం పోతాయో మార్వెల్ చరిత్ర చెబుతుంది. 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరిన కామిక్ పుస్తకాల కంపెనీ అది. తన పాత్రలలో బాగా పేరున్న స్పైడర్‌మాన్ హక్కులు సోనీకి, ఎక్స్-మెన్ హక్కులు ఫాక్స్‌కు పోయాయి. 2005లో ఆ కంపెనీ మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల రుణం ఏర్పాటు చేసుకున్నది. తాకట్టు పెట్టినవి భవనాలు కావు, యంత్రాలు కావు. కెప్టెన్ అమెరికా వంటి పది పాత్రల సినిమా హక్కులు. సినిమాలు ఆడకపోతే ఆ పాత్రలు అప్పులవారికి పోయేవి. 2008 మేలో ‘ఐరన్ మాన్’ వచ్చింది, ప్రపంచవ్యాప్తంగా 58 కోట్ల డాలర్లు సంపాదించింది. మరుసటి ఏడాది డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొన్నది. ఆ వరుసలో ఇరవైరెండవ చిత్రం ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ 2019లో 279 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఈ మలుపుకు మార్కెట్లలో వచ్చిన మార్పులు కూడా కారణం. 2000ల మధ్యకాలం వరకు డీవీడీ అమ్మకాలు మధ్యస్థాయి సినిమాలకు అండగా ఉండేవి. థియేటర్లో అంతంతమాత్రంగా ఆడిన కుటుంబ కథ, కోర్టు కథ, ప్రేమకథ డీవీడీల మీద కోలుకునేది. ఆ అమ్మకాలు కూలిపోయాయి. మరోవైపు 2002లో సుమారు 157 కోట్లు అమ్ముడైన ఉత్తర అమెరికా టికెట్లు 2019 నాటికి 120 కోట్ల స్థాయికి దిగివచ్చాయి. విదేశీ మార్కెట్లు, ముఖ్యంగా చైనా, పెరిగాయి. అక్కడ మాటల కన్న దృశ్యాలు సులువుగా అమ్ముడవుతాయి. అన్నీ కలిసి స్టూడియోలను ఒకే వైపు నెట్టాయి. ఫలితం కళ్ళముందే ఉంది. 1994లో అమెరికాలో అత్యధికంగా వసూలు చేసిన పది చిత్రాలలో సీక్వెల్ ఒక్కటే: హారిసన్ ఫోర్డ్ నటించిన ‘క్లియర్ అండ్ ప్రెజెంట్ డేంజర్’. ‘ఫారెస్ట్ గంప్’, ‘ది లయన్ కింగ్’, ‘స్పీడ్’, ‘పల్ప్ ఫిక్షన్’ ఆ జాబితాలోనివే. ముప్పై ఏళ్ళ తరువాత, 2024 జాబితాలో ‘విక్డ్’ ఒక్కటి తప్ప తక్కినవన్నీ పాత పేర్ల కొనసాగింపులే. ఆ ఒక్కటి కూడా బ్రాడ్‌వేలో రెండు దశాబ్దాలుగా ఆడుతున్న సంగీత నాటకం.

ప్రేక్షకుడి లెక్క

దీన్నంతా నిర్మాతల దురాశగా కొట్టిపారేయడం సులభం. కాని, బలవంతాన ఎవరూ టికెట్టు కొనరు. ప్రేక్షకుడికి ఇందులో ఏదో దొరుకుతున్నది.

తెలిసిన కథను మళ్ళీ చూడడంలోని ఆనందం తెలుగువారికి ఎవరూ నేర్పవలసినది కాదు. రాయబారం పద్యనాటకానికి వెళ్ళినవారిలో యుద్ధం ఆగుతుందేమో అన్న ఉత్కంఠతో వెళ్ళినవారు ఎవరూ లేరు. పద్యాలు కంఠతా వచ్చినవారే ముందు వరుసలో కూర్చుని ‘వన్స్‌మోర్’ అన్నారు. సి. పుల్లయ్య 1934లో తీసిన ‘లవకుశ’ను, దాదాపు మూడు దశాబ్దాల తరువాత 1963లో, సి.ఎస్. రావుతో కలిసి మళ్ళీ తీస్తే జనం బండ్లు కట్టుకొని వచ్చారు. ‘మాయాబజార్’లో 1957లో కృష్ణుడిగా కనిపించిన ఎన్.టి. రామారావు 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో, 1977లో ‘దానవీరశూర కర్ణ’లో మళ్ళీ కృష్ణుడే. పాత్ర ఒకటి, నటుడు ఒకడు, ప్రేక్షకులకు ముందే తెలిసిన ఒక విశాలమైన కథాలోకం, అందులో ఎక్కడ మొదలుపెట్టినా ఎక్కడ ఆపినా అర్థం చేసుకోగల జనం. మార్వెల్ సంస్థ పదేళ్ళు కష్టపడి నిర్మించుకున్న ఉమ్మడి కథాప్రపంచం తెలుగు పౌరాణిక చిత్రాలకు పురాణాల నుండి ఉచితంగా అందింది. తేడా ఒక్కటే. మహాభారతానికి యజమాని లేడు, ఎవరైనా తీయవచ్చు. అందుకే పౌరాణికాలకు సీరీస్ లక్షణం ఉన్నా, ఫ్రాంచైజీ లక్షణం లేదు.

రెండవ కారణం ఇంకా లౌకికమైనది. న్యూజెర్సీలోనో, సియాటిల్‌లోనో ఉండే ఒక తెలుగు కుటుంబం పెద్ద సినిమా ప్రీమియర్‌కు వెళ్ళాలంటే మనిషికి ఇరవై డాలర్లు, ఆపైన పెట్టాలి. పనిదినం సాయంత్రం త్వరగా బయటపడాలి, పిల్లల సంగతి చూసుకోవాలి, చాలా ఊళ్ళలో గంటసేపు కారు నడపాలి. నచ్చకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. వారంలో దొరికిన ఒకే ఒక్క సాయంత్రం. తెలియని సినిమా మీద ఆ సాయంత్రాన్ని పణంగా పెట్టడం కన్న, ఒకసారి మెప్పించిన పేరు మీద పెట్టడం వివేకమైన నిర్ణయం. ప్రయాణంలో ఉన్నవాడు ఊరిలోని మంచి హోటల్ వెతకకుండా తెలిసిన గుర్తున్న దుకాణం దగ్గర ఆగడం వంటిదే ఇదీను.

మూడవది సామూహికత. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం ఒక హత్యతో ముగిసింది. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నను ఇరవై ఒక్క నెలలపాటు జనం ఇళ్ళలో, ఆఫీసు క్యాంటీన్లలో, వాట్సప్ గుంపులలో నలిపారు. ఆ ప్రశ్నకు ఎవరూ డబ్బు చెల్లించలేదు, ఎవరికీ డబ్బు రాలేదు. కాని, విరామకాలంలో కూడా సినిమా నడుస్తూనే ఉన్నది. తెలుగు సగం అర్థమయ్యే అమెరికా పిల్లవాడికి, తెలుగు పురాణం తెలిసిన తాతగారికి, తెలుగు రాని ఆఫీసు మిత్రుడికి అది ఒకే ప్రశ్న. ఎదురుచూపు కూడా వినోదంలో భాగమే. ఫ్రాంచైజీ అమ్మేది ఆ ఎదురుచూపును.

హీరోయే ఫ్రాంచైజీ

తెలుగు సినిమాలో హాలీవుడ్ తరహా ఫ్రాంచైజీలు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు ఒక సమాధానం ఉంది: వాటి అవసరాన్ని అప్పటిదాకా హీరోలు తీర్చారు. పెద్ద హీరో సినిమా అంటే పరిచయ గీతం, పోరాటాలు, మాటల విరుపు, నృత్యం, ఇంటర్వెల్ దగ్గర ఒక మలుపు అన్నీ ముందే తెలిసిన పొట్లం. కథ మారినా రుచి మారదు. అభిమానం తండ్రి నుండి కొడుకుకు, ఒక కుటుంబంలోని నటుడి నుండి అదే కుటుంబంలోని తరువాతి తరం నటుడికి వారసత్వంగా అందుతుంది. ఫ్రాంచైజీ చేసే పని అంతా తారే చేస్తున్నప్పుడు వేరే ఫ్రాంచైజీ దండగ. అందుకే 1993లో వచ్చిన ‘మనీ’ తరువాత ‘మనీ మనీ’ వంటి ప్రయత్నాలు జరిగినా అవి ఒక ధోరణిగా స్థిరపడలేదు. 2009లో వచ్చిన ‘ఆర్య 2’కు 2004 నాటి ‘ఆర్య’తో కథా సంబంధమే లేదు, కొనసాగినవి పేరు, నటుడు, దర్శకుడు మాత్రమే.

కాని, ఈ పద్ధతిలో నిర్మాతకు ఒక లోపం ఉంది. విజయం వల్ల పెరిగిన విలువంతా హీరోతో వెళ్ళిపోతుంది. తరువాతి సినిమాకు అతని పారితోషికం పెరుగుతుంది. ఆ సినిమా మరొక నిర్మాతది కావచ్చు. సొంతమైన పేరు, సొంతమైన పాత్ర ఉంటే ఆ విలువలో కొంతైనా నిర్మాత చేతిలో నిలుస్తుంది. ‘బాహుబలి’ నిర్మాతలు ఆర్కా మీడియావర్క్స్ ఈ సంగతిని తెలుగులో అందరికన్న ముందుగా, అందరికన్న విస్తృతంగా ఆచరించారు. 2017లో ఆనంద్ నీలకంఠన్ రాసిన శివగామి నవల, అదే ఏడాది అమెజాన్‌లో యానిమేషన్ ధారావాహిక, 2024లో హాట్‌స్టార్‌లో మరొకటి, రెండు భాగాలనూ ఒకటిగా కూర్చి 2025 అక్టోబరు 31న విడుదల చేసిన ‘బాహుబలి: ది ఎపిక్’ ఆ ఆచరణకు గుర్తులు.

అమెరికాలో ఆ సినిమా సాధించినది ఒక లెక్కగా మాత్రమే చూడదగినది కాదు. 2017 ఏప్రిల్ చివరి వారాంతంలో రెండవ భాగం సుమారు 425 థియేటర్లలో విడుదలై కోటి డాలర్లు దాటింది. ఆ వారాంతపు అమెరికా బాక్సాఫీసులో మూడవ స్థానంలో నిలిచింది. మొత్తం వసూలు రెండు కోట్ల డాలర్లు దాటింది. మొదటి భాగం సంపాదించినది దానిలో సగానికి తక్కువ. ఒకప్పుడు తెలుగు సంఘాలు ఏ కాలేజీ ఆడిటోరియమో అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట వేసుకున్న దేశంలో ఇది జరిగింది. దీని వెనుక జనాభా మార్పు కూడా ఉంది. అమెరికా జనగణన సంస్థ గణాంకాల ప్రకారం 2010, 2017 మధ్య ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. పెరిగిన జనాన్ని ఒకే వారాంతంలో థియేటర్లకు రప్పించగల కారణం కావలసివచ్చింది. ఆ కారణాన్ని రెండవ భాగం ఇచ్చింది.

అదే సూత్రాన్ని ‘పుష్ప’ మరొక దారిలో నిరూపించింది. 2021 డిసెంబరు 17న వచ్చిన మొదటి భాగం హిందీ ప్రాంతాలలో థియేటర్లలోను, ఆపైన ఇళ్ళలోని తెరల మీద ప్రేక్షకులను కూడబెట్టుకున్నది. 2024 డిసెంబరు 5న వచ్చిన రెండవ భాగం ఉత్తర అమెరికాలో దాదాపు కోటిన్నర డాలర్లు రాబట్టింది. మొదటి భాగపు వసూలుకు ఇది అనేక రెట్లు. అయితే ‘బాహుబలి’, ‘పుష్ప’ రెండూ నటుడితో, దర్శకుడితో విడదీయరానివి. ప్రభాస్ లేని బాహుబలిని, అల్లు అర్జున్, సుకుమార్ లేని పుష్పను ఊహించడం కష్టం. బాండ్ పాత్రను ఆరుగురు నటులు ధరించినా బాండ్ మారలేదు; తెలుగు ఫ్రాంచైజీ ఇంకా హీరో నీడలోనే ఉంది.

ఆ నీడ నుండి బయటపడిన ప్రయత్నాలు చిన్న బడ్జెట్లలో కనిపిస్తాయి. శైలేష్ కొలను దర్శకత్వంలో వచ్చిన ‘హిట్’ చిత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. 2020లో మొదటి కేసుకు విశ్వక్ సేన్, 2022లో రెండవ కేసుకు అడివి శేష్, 2025లో మూడవ కేసుకు నాని కథానాయకులు. మారనిది పోలీసు విభాగం పేరు, కథ చెప్పే తీరు. హీరోను మార్చగలగడం అంటే ఒక హీరో కాల్షీట్ల మీద, ధర మీద ఆధారపడకుండా ఉండగలగడం. ‘డీజే టిల్లు’ మరొక కోణం. 2022 నాటి మొదటి చిత్రానికి, 2024 నాటి ‘టిల్లు స్క్వేర్’కు దర్శకులు వేరు, కొనసాగింది సిద్ధు జొన్నలగడ్డ పోషించిన పాత్ర, ఆ పాత్ర మాట తీరు. ఇక 2014లో ఓ మోస్తరు సినిమాగా వచ్చిన ‘కార్తికేయ’కు 2022లో వచ్చిన తరువాయి, హిందీలో తక్కువ తెరలతో మొదలై ప్రేక్షకుల మాట మీదనే వ్యాపించింది.

కొన్నవాడి మాటేమిటి?

ఈ కథలో నిర్మాతకు, ప్రేక్షకుడికి మధ్య ఒకరు ఉన్నారు: అమెరికా హక్కులు కొన్న పంపిణీదారు. పెద్ద సినిమాల హక్కులు తరచుగా ముందే నిర్ణయించిన మొత్తానికి అమ్ముడవుతాయి. సినిమా చూడకుండా, కొన్నిసార్లు షూటింగ్ పూర్తికాకుండానే ఆ ధర నిశ్చయమవుతుంది. వచ్చిన వసూలులో థియేటర్ వాటా పోగా మిగిలినదానిలోనుండి ప్రకటనల ఖర్చు, కొన్న ధర రాబట్టుకోవాలి. ప్రీమియర్ టికెట్ల ధరలు ఎక్కువగా ఉండడానికి, సినిమా భవిష్యత్తు గురువారం రాత్రికే తేలిపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం.

ఫ్రాంచైజీ ఈ వ్యాపారాన్ని రెండువైపులా పదునెక్కిస్తుంది. మొదటి భాగం ఆడిందంటే రెండవ భాగం ధరను నిర్మాత పెంచుతాడు. అంటే రాబోయే విజయపు లాభంలో పెద్దభాగం కొనేముందే ధరలో చేరిపోయింది. సినిమా బాగా ఆడితే పంపిణీదారుకు మిగిలేది కొద్ది. ఓ మాదిరిగా ఆడితే పెద్ద నష్టం. అనిశ్చితి మాయం కాలేదు, ఒకరి భుజం మీదనుండి మరొకరి భుజం మీదకు మారింది. ఈ వ్యాపారంలో ఉన్నవారిలో చాలామంది ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ, సినిమా మీద ఇష్టంతో పెట్టుబడి పెట్టినవారు. వారికి ఫ్రాంచైజీ పేరు భరోసా కాదు, భరోసా పేరుతో వచ్చిన పెద్ద బిల్లు.

నమ్మకం చెదిరేచోట

పేరు ఉంటే చాలునన్న ధీమాకు ప్రేక్షకులు చెప్పిన సమాధానాలు కూడా రికార్డులో ఉన్నాయి. 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ 113 కోట్ల డాలర్లు సంపాదించింది. 2023లో దాని తరువాయి ‘ది మార్వెల్స్’ ప్రపంచమంతా కలిపి దాదాపు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. ఆ సినిమా అర్థం కావాలంటే అంతకుముందు ఓటీటీలో వచ్చిన ధారావాహికలు కూడా చూసి ఉండాలి. వినోదం హోమ్‌వర్క్‌గా మారినచోట ప్రేక్షకుడు తప్పుకున్నాడు. ఆ తరువాత సంఖ్య తగ్గించి నాణ్యత మీద దృష్టి పెడతామని డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. తెలుగులో ‘సర్దార్ గబ్బర్ సింగ్’, ‘కిక్ 2’, ‘డబుల్ ఇస్మార్ట్’ మొదటి విజయపు పేరును మోసుకొచ్చి కూడా నిలవలేకపోయాయి. 2019 జనవరిలో ‘ఎన్.టి.ఆర్. కథానాయకుడు’ నిరాశపరచగా, ఫిబ్రవరిలో వచ్చిన ‘మహానాయకుడు’ను పట్టించుకున్నవారు ఇంకా తక్కువ. మొదటి భాగం ఆడకపోతే బయానా వదులుకోవచ్చు అన్న సూత్రం, రెండు భాగాలనూ ముందే తీసేసినవారికి పనికిరాదు.

ఇటీవలి తెలుగు సినిమాలలో మరొక అలవాటు బలపడుతున్నది. కథ రెండు భాగాలకు సరిపోతుందా లేదా అన్నది తేలకముందే పేరు పక్కన ‘పార్ట్ 1’ అని చేర్చడం. 2023 డిసెంబరులో ‘సలార్’, 2024 సెప్టెంబరులో ‘దేవర’ ఇలా వచ్చాయి; 2025 ముగిసేనాటికి వాటి రెండవ భాగాలు రాలేదు. పెద్ద హీరోకు ఒక్కొక్క సినిమాకు రెండు మూడేళ్ళు పడుతున్న కాలంలో ఈ వాగ్దానాలు ఎప్పటికి తీరుతాయో లెక్కగట్టడం కష్టం. ప్రేక్షకుడు పూర్తి టికెట్టు కొని సగం కథ చూశాడు. మిగతా సగం రాకపోతే ఫిర్యాదు చేసే కౌంటర్ లేదు.

కోల్పోతున్నవి మరో రెండు ఉన్నాయి. ఒకటి, ముగిసే కథ. ఒక మనిషి జీవితంలో ఒక సంఘటన జరిగి, అతను మారి, అక్కడితో ఆగిపోయే కథకు తరువాయి ఉండదు. ‘ఆడితే తరువాయి ఉందా’ అన్న ప్రశ్నకు జవాబు లేని కథలు ముందే పక్కకు పోతాయి. రెండవది, సృష్టికర్త వాటా. 1938లో జెరీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు సూపర్‌మాన్ పాత్రను 130 డాలర్లకు అమ్మేశారు. దశాబ్దాల తరువాత, 1975లో, ఆ పాత్రతో భారీ సినిమా తయారవుతున్న సమయంలో లేవనెత్తిన వివాదం వల్లనే వారికి ఏటా 20,000 డాలర్ల పింఛను, తెర మీద పేరు దక్కాయి. లూకస్ అడిగి ఉంచుకున్నది, ఆ ఇద్దరు తెలియక వదులుకున్నది ఒకటే హక్కు. తెలుగు సినిమాలో పాత్రలను పుట్టించే రచయితల ఒప్పందాలలో సీక్వెల్ గురించి, ఇతర మాధ్యమాల గురించి ఏమి రాసుకుంటున్నారన్నది ఇక చిన్న విషయం కాదు. పాత్ర ఆస్తిగా మారినప్పుడు ఆ పాత్రను కన్నవారి వాటా కూడా ఆస్తి తగాదాగానే మారుతుంది.

అయినా ఫ్రాంచైజీ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది నమ్మకాన్ని నిలవచేసుకునే ఒక పద్ధతి. ‘బాహుబలి’ మొదటి భాగం ప్రశ్నతో ముగిసినా, థియేటర్ నుండి బయటికి వచ్చినవారు మోసపోయామనుకోలేదు. పెట్టిన డబ్బుకు నిండుగా ఒక సినిమా చూశారు, ప్రశ్న కొసరుగా దొరికింది. ‘హిట్’ ప్రతి కేసూ అక్కడికక్కడే తెమిలింది. నిలిచిన ఫ్రాంచైజీలన్నిటిలోనూ ఇది కనిపిస్తుంది: ఇవాళ్టి సినిమా తన టికెట్టు రుణాన్ని తానే తీర్చుకున్నాకనే రేపటి సినిమాను అమ్మింది.

1977లో ఖాళీ డబ్బా కొన్న పిల్లలకు మరుసటి ఏడాది టపాలో నాలుగు బొమ్మలు నిజంగానే వచ్చాయి: లూక్, లియా, చూబాకా, ఆర్‌టూ-డీటూ. వచ్చాయి కనుకనే ఆ పిల్లలు పెరిగి పెద్దవారై, 2015 డిసెంబరులో తమ పిల్లలను వెంటబెట్టుకుని థియేటర్ ముందు వరుసలో నిలబడ్డారు.